జీటీ అప్పుడు చెత్త, ఇప్పుడు క్లాసిక్: మారింది సిరీసా, చూసే జనమా?

నాలుగుచుక్కల_బంతి:

డ్రాగన్ బాల్ జీటీ (గోకు హీరోగా వచ్చిన జపాన్ యానిమే డ్రాగన్ బాల్ జెడ్‌కి కొనసాగింపు) గురించి పాత పోస్టులు తిరగేస్తే తిట్లు తప్ప ఇంకేం కనపడవు. "జీటీయా? అలాంటిది ఒకటి లేదే" అని నటించడం ఒక దశలో అందరి జోకు. ఇప్పుడేమో అదే జీటీని మెచ్చుకుంటూ గంటన్నర వీడియోలు వస్తున్నాయి. తర్వాత వచ్చిన డ్రాగన్ బాల్ సూపర్‌ది ఇంకో దారి. 2015లో ఐదో ఎపిసోడ్‌లో బొమ్మలు బాలేవని స్క్రీన్‌షాట్లు పెట్టి ఆడుకున్నారు. 2018లో చివరి ఎపిసోడ్ల కోసం లాటిన్ అమెరికాలో నడివీధుల్లో తెరలు కట్టారు. ఇప్పుడు మళ్ళీ "అసలు అందులో కథేముంది" దగ్గరికొచ్చారు.

నా ప్రశ్నలు మూడు. మనసు మార్చుకున్నది ఆ పాత మనుషులేనా, లేక మనుషులే మారిపోయారా? దీన్ని ఊహాగానంగా కాకుండా లెక్కతో పట్టుకునే దారి ఏమైనా ఉందా? ప్రేక్షకులు సిరీస్‌లకి మార్కులిచ్చే మై యానిమే లిస్ట్ సైట్‌లో (ఇక నుంచి మాల్ అంటాను) ఇవాళ్టి స్కోరు ఒక్కటే కనపడుతుంది. మూడోది, నరుటోకి సీక్వెల్‌గా వచ్చిన బోరుటోకి కూడా ఇదే జరగబోతోందా?

ఏది గొప్పదన్న గొడవ మాత్రం ఇక్కడ వద్దు. దానికి వేరే థ్రెడ్లు బోలెడున్నాయి.

పాత_క్యాసెట్:

ముందు ఎవరు ఏ జీటీ చూశారో విడదీయాలి. పేరు ఒకటే అయినా, కనీసం మూడు జీటీలున్నాయి.

జపాన్‌ది మొదటిది. జెడ్ 291వ ఎపిసోడ్ 1996 జనవరి 31న అయిపోయింది. ఫిబ్రవరి 7న అదే ఫుజీ టీవీలో, అదే బుధవారం స్లాట్‌లో జీటీ మొదలైంది. మధ్యలో ఒక్క వారం కూడా ఖాళీ లేదు. మూలమైన మాంగా (కామిక్స్) 519 అధ్యాయాలతో 1995లోనే ముగిసిపోయింది. అంటే యానిమే తీసే టోయే స్టూడియో చేతిలో స్లాట్ ఉంది, తీయడానికి కథ లేదు. మాంగా సృష్టికర్త తొరియామా పేరు పెట్టారు, ముఖ్యమైన పాత్రల డిజైన్లు గీసిచ్చారు. కథ భారమంతా టోయే రచయితలదే. 64 ఎపిసోడ్లు నడిచి 1997 నవంబర్ 19న ఆగింది.

రెండోది అమెరికాది. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చినప్పుడు మొదటి 16 ఎపిసోడ్లు తీసేశారు. గోకు చిన్నపిల్లాడైపోయి, పాన్, ట్రంక్స్‌తో కలిసి గ్రహాలు పట్టుకు తిరిగే భాగం అది. దాన్నంతా ఒకే ఒక్క ఎపిసోడ్‌గా కుట్టేసి నేరుగా బేబీ అనే విలన్ ఆర్క్‌లోకి (కథాభాగంలోకి) దింపారు. సంగీతం కూడా పూర్తిగా మార్చేశారు. ఆ 16 ఎపిసోడ్లని సిరీస్ అయిపోయాక "పోయిన ఎపిసోడ్లు" అన్న పేరుతో వేశారు. ఇంగ్లీషు ఫోరంలలో పేరుకున్న తిట్లలో పెద్ద వాటా ఈ కత్తిరించిన జీటీ చూసినవాళ్ళదే. తర్వాత డిస్కుల్లో మొదటి ఎపిసోడ్ నుంచి, అసలు సంగీతంతో చూసినవాళ్ళ ముందున్నది వేరే వస్తువు. 2004 పోస్టునీ 2024 పోస్టునీ పక్కపక్కన పెట్టి "అభిప్రాయం మారింది" అనేముందు ఇది చూసుకోవాలి.

మూడోది లాటిన్ అమెరికాది. అక్కడి స్పానిష్ ఓపెనింగ్ పాట ఇప్పటికీ సభల్లో జనం గొంతు కలిపి పాడతారు. ఇంగ్లీషు ఫోరంలలో ఉన్నంత అసహ్యం అక్కడ ఎప్పుడూ లేదు. కాబట్టి "ప్రపంచం మనసు మార్చుకుంది" అనేది ఇంగ్లీషు ఇంటర్నెట్ చెప్పుకునే మాట.

ఇక అసలు కారణం, నా లెక్కలో. 1997 నుంచి 2013 దాకా, అంటే బాటిల్ ఆఫ్ గాడ్స్ సినిమా వచ్చేదాకా, కథ పరంగా జీటీయే చివరి మాట. ఇష్టం లేకపోయినా గోకు కథ అక్కడే ముగిసిందని ఒప్పుకోవాలి. ఆ కోపం సిరీస్ మీదకంటే "ఇదా ముగింపు" అన్నదాని మీద ఎక్కువ. 2015లో సూపర్ వచ్చి, జెడ్‌లో చివరి విలన్ బూ ఓడిన తర్వాతి పదేళ్ళ ఖాళీలో కూర్చుంది. జీటీ పక్కకి జరిగింది, మొయ్యాల్సిన బరువు పోయింది. 2005లో వచ్చిన జపాన్ డీవీడీ బాక్సు పుస్తకంలోనే తొరియామా దాన్ని భారీ పక్కకథ అన్నారు. పదేళ్ళపాటు ఆ మాటని ఎవరూ చెవిన పెట్టలేదు. పక్కకథ అనాలంటే ముందు అసలు కథ ఇంకొకటి ఉండాలి కదా.

ఆపైన 2024 అక్టోబర్ 11న డైమా అనే కొత్త డ్రాగన్ బాల్ సిరీస్ మొదలైంది. మళ్ళీ చిన్న గోకు, మళ్ళీ ప్రయాణం, చివరికొచ్చేసరికి సూపర్ సయాన్ 4 (జీటీలో గోకు మారే రూపం). కాకపోతే ఈసారి జుట్టు కూడా ఎరుపు. జీటీలో ఒళ్ళు ఎర్రబొచ్చు, తల నలుపు. కత్సుయోషి నకత్సురు జీటీ కోసం గీసిన ఆ రూపానికి, తొరియామా కథ రాసిన సిరీస్‌లోనే చోటు దొరికింది. జీటీని వెనకేసుకొచ్చేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

స్ప్రెడ్‌షీట్_సుబ్బడు:

రెండో ప్రశ్నకి నేను. మాల్ పాత స్కోర్లు చూపించదు. కానీ వెబ్ పేజీల పాత కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్ చూపిస్తుంది. పద్ధతి ఇది.

మాల్‌లో ఆ సిరీస్ పేజీ లింకు తీసుకుని వేబ్యాక్‌లో వెయ్యండి. ఏడాదికొకటి చొప్పున, వీలైతే అదే నెలలో తీసిన కాపీ ఎంచుకోండి. సిరీస్ నడుస్తున్నప్పుడు, సినిమా వచ్చిన నెలలో ఓట్లు వరదలా పడతాయి కాబట్టి నెల ముఖ్యం. ప్రతి కాపీ నుంచి తేదీ, స్కోరు, ఓటేసినవాళ్ళ సంఖ్య, సభ్యుల సంఖ్య రాసుకోండి. ర్యాంకు రాయకండి. కొత్త సిరీస్‌లు చేరుతున్న కొద్దీ అది దానంతటదే కిందకి జారుతుంది, అభిప్రాయంతో దానికి పనిలేదు.

తర్వాత స్టాట్స్ పేజీ. దాని లింకు వేరు, అన్ని సంవత్సరాలకీ కాపీ దొరకదు. దొరికినచోట 1 నుంచి 10 దాకా ఎవరెంతమంది ఇచ్చారో పట్టిక ఉంటుంది, ఎంతమంది మధ్యలో వదిలేశారో కూడా. సగటు కంటే ఈ పట్టికే విలువైనది. సగటు కదలకుండానే 5, 6 ఇచ్చినవాళ్ళు తగ్గి, అటు 3లూ ఇటు 9లూ పెరగొచ్చు. అంటే జనం రెండు జట్లుగా చీలారని అర్థం. సగటు మాత్రమే చూసేవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఇక మొదటి ప్రశ్నకి జవాబు తెచ్చే లెక్క. ఉదాహరణకే అనుకోండి, ఇవి నిజం అంకెలు కావు: ఒక ఏడాది 1,00,000 ఓట్లకి సగటు 6.50 ఉంది. మూడేళ్ళకి 1,60,000 ఓట్లు, సగటు 6.65. కొత్తగా వచ్చిన 60,000 మంది సగటు ఎంత? 1,60,000ని 6.65తో గుణిస్తే 10,64,000. అందులోంచి పాత 6,50,000 తీసేస్తే 4,14,000. దాన్ని 60,000తో భాగిస్తే 6.90. అంటే పాతవాళ్ళలో ఒక్కడూ మనసు మార్చుకోకపోయినా స్కోరు పెరుగుతుంది, కొత్తవాళ్ళు కాస్త ఉదారంగా ఉంటే చాలు. ఒక్క చిక్కు: పాతవాళ్ళు ఓటు మార్చినా, మాల్ దొంగ ఓట్లు ఏరేసినా అదంతా ఈ 6.90లోనే కలిసిపోతుంది. కాబట్టి దాన్ని అంచనాగానే వాడండి.

ఇంకో మెలిక చాలామందికి తెలీదు. సిరీస్‌లో ఐదో వంతు చూసినవాళ్ళ స్కోరునే మాల్ లెక్కలోకి తీసుకుంటుంది. జీటీకి అది 13 ఎపిసోడ్లు. 131 ఎపిసోడ్ల సూపర్‌కి 27. ఇప్పుడు సూపర్ మొదటి 27 ఎపిసోడ్లలో ఏముందో గుర్తు తెచ్చుకోండి: అంతకుముందే వచ్చిన రెండు సినిమాలని మళ్ళీ సాగదీసి చెప్పిన భాగం. సరిగ్గా దాని దెబ్బకి విసిగిపోయి 20వ ఎపిసోడ్ దగ్గర ఆపేసి 3 ఇచ్చినవాడి ఓటు లెక్కలోకే రాదు! ఆ గట్టు దాటి తర్వాతి కొత్త కథ అయిన యూనివర్స్ 6 టోర్నీలో అడుగుపెట్టినవాడి ఓటు వస్తుంది. స్కోరులో సూపర్ తొలి రోజుల మీది కోపం తక్కువగా కనపడటానికి ఇదొక కారణం. అయితే చూడకుండానే "కంప్లీటెడ్" నొక్కితే ఎపిసోడ్లన్నీ వాటంతటవే నిండిపోతాయి, అప్పుడు ఆ వడపోత పనిచెయ్యదు.

అంకెలు "ఎంత" అని చెప్తాయి, "ఎందుకు" అని చెప్పవు. దానికి వ్యాఖ్యలు చదవాలి. సూపర్‌కైతే రెడిట్ ఎపిసోడ్ థ్రెడ్లున్నాయి. మొదటిది, ఐదోది, 28వది, 110వది, 131వది తీసుకోండి. వ్యాఖ్యల్ని "పాతవి ముందు" అని అమర్చి ప్రతి ఐదోదీ చదవండి, థ్రెడ్డుకి 100 చాలు. "టాప్" అని అమర్చితే పైకి తేలేవి గుంపుకి నచ్చినవే, తిట్టినవాడు అడుగున ఉంటాడు. ఇష్టమా కాదా అని కాకుండా, ఏ కారణం చెప్పాడో రాసుకోండి: బొమ్మల నాణ్యత, నడక, పాత్రలకి అన్యాయం, "ఇది కానన్ (అధికారిక కథ) కాదు", చిన్ననాటి జ్ఞాపకం. ఒక వ్యాఖ్యకి రెండు కారణాలుంటే రెండూ. పదేళ్ళ తేడాతో రెండు పట్టికలు పక్కన పెట్టండి. చాలాసార్లు తిట్టే శాతం అంతే ఉంటుంది, తిట్టే కారణం మారుతుంది.

చివరి ఎపిసోడ్ థ్రెడ్డు చూసి మాత్రం మోసపోకండి. అక్కడిదాకా వచ్చినవాడు ఎలాగూ అభిమానే.

జీటీ ప్రసార కాలానికి ఇవేవీ లేవు. మాల్ పుట్టిందే 2004లో. 1996, 97 మాటలు కావాలంటే యూజ్‌నెట్ (పాతకాలపు ఇంటర్నెట్ చర్చా వేదిక) యానిమే గ్రూపులు తవ్వాలి. గూగుల్ గ్రూప్స్‌లో పాతవి ఇంకా వెతకొచ్చు, 2024 ఫిబ్రవరి నుంచి కొత్తవి చేరడం ఆగింది, అంతే. అక్కడ రాసినవాళ్ళు ఫ్యాన్‌సబ్ (అభిమానులు సబ్‌టైటిల్స్ వేసిన) వీడియో టేపులు తెప్పించుకుని చూసిన కొద్దిమంది. వాళ్ళని సగటు ప్రేక్షకులనుకుంటే తప్పు.

ఫిల్లర్_శత్రువు:

సుబ్బడు గారి పట్టికలు బాగున్నాయి కానీ అందరూ ఒక మొద్దు విషయం వదిలేస్తున్నారు. గడియారం.

జీటీ మొదటి 16 ఎపిసోడ్లు వారానికొకటి చూస్తే నాలుగు నెలలు. ఓపెనింగ్, ఎండింగ్, "వచ్చేవారం" తీసేసి చూస్తే ఎపిసోడ్ 20 నిమిషాలు, మొత్తం ఐదున్నర గంటల లోపు. ఒక ఆదివారం. సూపర్ మొదటి 27 ఎపిసోడ్లు 2015 జూలై నుంచి ఆరు నెలలపైన ఉడికించాయి, ఇవాళ తొమ్మిది గంటల్లో తేలిపోతాయి. ఆర్నెల్లు ప్రతి ఆదివారం ఎదురుచూసి, తనకి ముందే తెలిసిన సినిమా చూసినవాడి కోపం ఒకేసారి చూసేవాడికి రాదు. "నడక బాలేదు" అన్న ఫిర్యాదు సీక్వెల్ పాతబడిన కొద్దీ తగ్గేది అందుకే. ఎవరి అభిరుచీ పెరగలేదు, తరగలేదు.

బొమ్మల ఫిర్యాదు ఇంకో రకం. సూపర్ ఐదో ఎపిసోడ్ ప్రసారమైన రూపం వేరు, డిస్కులో దిద్దిన రూపం వేరు. ఇప్పుడు చూసే కుర్రాడికి "అంత ఘోరంగా ఏముంది" అనిపిస్తే వాడి తప్పు కాదు, వాడి ముందున్నది మరమ్మతు చేసిన సరుకు కావచ్చు. వాదించేముందు ఎక్కడ చూశావని అడగండి.

కానీ కథలో దోషాలకి గడియారం వైద్యం చెయ్యదు. జీటీలో ఆండ్రాయిడ్ 17 ఆర్క్ 41 నుంచి 47 దాకా, ఏడంటే ఏడు ఎపిసోడ్లు. నరకం తలుపులు తెరుచుకుని పాత విలన్లంతా బయటికొస్తారు, వచ్చినంత సేపట్లో పోతారు. గోకు కొడుకులు గోహన్, గోటెన్ నిలబడి చూస్తారు. అంతరిక్షంలో ట్రంక్స్ అంత బలవంతుడు ఓడ డ్రైవరుగా మిగిలిపోయాడు. 1997లోనూ ఇదే ఫిర్యాదు చెయ్యొచ్చు, ఇవాళా చెయ్యొచ్చు. జీటీ చివరి విలన్లైన నీడ డ్రాగన్ల ఆలోచన (ఇష్టమొచ్చినట్టు కోరికలు కోరిన పాపం తిరిగి తగలడం) మొత్తం డ్రాగన్ బాల్‌లోనే మంచి ఆలోచనల్లో ఒకటి, 64వ ఎపిసోడ్ ముగింపుని తిట్టినవాడు నాకు తగల్లేదు. అవి అప్పుడూ బాగానే ఉన్నాయి. "ఇప్పుడు విలువ తెలిసింది" అనే వీడియోలు పొగిడేవి మూడొంతులు ఇవే. అంటే కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, తిట్లు తగ్గాక వినపడుతున్నాయి.

పాత_క్యాసెట్:

గడియారం మాట ఒప్పుకుంటాను. దానికి ఒకటి కలపండి, ఆటలు. సూపర్ సయాన్ 4ని 2004 బుడోకాయ్ 3 నుంచి 2024 స్పార్కింగ్ జీరో దాకా గేముల్లో ఆడుతూ పెరిగినవాళ్ళున్నారు, జీటీ ఒక్క ఎపిసోడ్ చూడనివాళ్ళు కూడా. వాళ్ళకి జీటీ అంటే ఒక ఎర్రబొచ్చు రూపం, నాలుగు పెద్ద దెబ్బలు. నడక సమస్య గేములో ఉండదు కదా. స్పార్కింగ్ జీరో విడుదలైందీ, డైమా మొదటి ఎపిసోడ్ వచ్చిందీ ఒకే వారంలో. ఆ నెలలో జీటీ మీద పడిన ఓట్లని వేరుగా చూడటం మంచిది.

మన దగ్గర ఇంకో గుంపు. 2022లో కార్టూన్ నెట్‌వర్క్‌లో సూపర్ తెలుగులో వచ్చింది. దాంతోనే డ్రాగన్ బాల్ మొదలుపెట్టినవాళ్ళకి సూపర్ అసలు సీక్వెలే కాదు, అదే మొదలు. వాళ్ళని "జెడ్‌తో పోలిస్తే" అని అడగడంలో అర్థం లేదు.

కొనోహా_కాకినాడ:

బోరుటో ప్రశ్న నాకు వదిలేయండి.

జీటీతో పోలిక సగమే సరిపోతుంది. జీటీ ఆగిపోయాక జనం చల్లబడ్డారు. బోరుటో కథ ఇంకా నడుస్తోంది, కాబట్టి ఇక్కడ అభిప్రాయం కాలంతో కాదు, కొత్త అధ్యాయాలతో మారుతోంది. పైగా మాంగా మీది మాట, యానిమే మీది మాట ఎప్పుడో విడిపోయాయి. విడివిడిగా లెక్కపెట్టకపోతే ఏ పట్టికా పనికిరాదు.

యానిమే: 2017 ఏప్రిల్ 5 నుంచి 2023 మార్చి 26 దాకా 293 ఎపిసోడ్లు. మాంగా మొదటి భాగం 80 అధ్యాయాలే, అదీ నెలకొకటి. మిగతాది టీవీ కోసం అల్లినదే. మాంగా మాత్రమే చదివినవాడూ యానిమే మాత్రమే చూసినవాడూ "బోరుటో నెమ్మది" అంటే ఇద్దరి ఉద్దేశాలూ వేరు.

మాంగాలో మలుపు తేదీలు రెండు. 2016లో మొదలైనప్పుడు రచన ఉక్యో కొదాచి, బొమ్మలు మికియో ఇకెమోటో. 2020 నవంబర్‌లో 52వ అధ్యాయం నుంచి నరుటో సృష్టికర్త కిషిమోటోయే రచన చేపట్టారు. 2023 ఆగస్టులో మాంగా రెండో భాగం టూ బ్లూ వోర్టెక్స్ మొదలైంది, పాత్రలన్నీ మూడేళ్ళు పెద్దవాళ్ళయ్యాయి. "బోరుటో బాగుపడింది" అనే మాట గట్టిగా వినపడటం ఆ రెండో తేదీ నుంచే. మొదటి భాగం మీద మాత్రం అంత మెత్తబడలేదు. "రెండో భాగం చదవడానికి మొదటి భాగం ఓర్చుకో" అనే సలహా చూసే ఉంటారు.

యానిమే థ్రెడ్లు చదివేవాళ్ళకి ఒక జాగ్రత్త. 65వ ఎపిసోడ్, అంటే విలన్ మొమోషికితో నరుటో, ససుకే పోరాటం, ఎంచుకోకండి. లేదా ఎంచుకుంటే పక్కన ఒక మామూలు స్కూలు ఎపిసోడ్ కూడా పెట్టండి. 65 చుట్టూ ఉన్న పొగడ్త ఆ యానిమేషన్ బృందానిది, సిరీస్‌ది కాదు. అదే కథ 2015 సినిమాలో ఒకసారి, మాంగాలో ఒకసారి, ఇక్కడ మూడోసారి చెప్పారు. కథ కొత్తదై ఉంటే ఆ థ్రెడ్డులో బొమ్మల గురించి అంత మాట్లాడేవాళ్ళు కాదు.

ఐదో వంతు నియమం ప్రకారం బోరుటోకి 59 ఎపిసోడ్లు చూడాలి. మొదట్లోని అకాడమీ (నింజా స్కూలు) భాగంలోనే దిగిపోయినవాళ్ళ ఓట్లు గాల్లో కలిసిపోయాయి.

నాలుగుచుక్కల_బంతి:

అందరికీ థాంక్స్. సుబ్బడు గారూ, ఒక సందేహం. వేబ్యాక్‌లో జీటీ పేజీకి పాత కాపీలు కొన్ని సగమే తెరుచుకుంటున్నాయి, స్కోరు దగ్గర ఖాళీ. వాటిని వదిలెయ్యాలా, పక్క నెల తీసుకోవాలా? ఇంకా, పోల్చడానికి జీటీ ఒక్కటే పెడితే సరిపోతుందా?

స్ప్రెడ్‌షీట్_సుబ్బడు:

పక్క నెల తీసుకోండి, తేదీ గడిలో అసలు తేదీయే రాయండి. రెండు నెలలకి మించి జరగాల్సొస్తే ఆ ఏడాది ఖాళీగా వదిలెయ్యండి. మధ్యలో గీత గీసి నింపొద్దు.

ఒక్కటి సరిపోదు. జెడ్ పేజీని కూడా అవే తేదీల్లో తీయండి. మాల్‌లో జనం మొత్తంగా ఉదారంగా మారుతున్నారా, లేక జీటీ మీదే మెత్తబడ్డారా అన్నది రెండింటి తేడా చూస్తేనే తెలుస్తుంది. జెడ్ కూడా అంతే పెరిగి ఉంటే జీటీకి ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. మూడో వరసలో అసలు వివాదమే లేని పాత సిరీస్ ఒకటి పెడితే ఇంకా మంచిది.

ఫిల్లర్_శత్రువు:

మూడో వరసకి గుండమ్ (రోబో యుద్ధాల యానిమే) సిరీస్‌లు పెట్టకండి. 47 ఎపిసోడ్ల డబుల్ జీటా 1986, 87ది, కానీ ఉత్తర అమెరికాలో డిస్కులుగా దొరికింది చాలా ఏళ్ళ తర్వాతే. అంతకుముందు ఇంగ్లీషులో దాని మీద ఉన్న మాటల్లో ఎన్ని చూసి అన్నవో ఎన్ని విని అన్నవో తేల్చలేరు.

నాలుగుచుక్కల_బంతి:

సరే, జీటీ, జెడ్, సూపర్ మూడూ 2008 నుంచి మొదలుపెడుతున్నాను. సూపర్‌కి 2015 నుంచి. అన్నీ ఏప్రిల్ కాపీలే, ఆ నెలలో సినిమా వచ్చిన ఏడాది ఉంటే జూన్‌కి జరుపుతాను. పట్టిక ఇదే థ్రెడ్డులో పెడతాను.

పాత_క్యాసెట్:

2015 ఏప్రిల్ 18న రిసరెక్షన్ ఎఫ్ వచ్చింది, ఆ ఏడాది జూన్‌కి జరపండి. సూపర్ మొదలైంది జూలై 5న కాబట్టి దాని తొలి గడి 2016 ఏప్రిల్.

కొనోహా_కాకినాడ:

స్టాట్స్ పేజీలో "డ్రాప్డ్" సంఖ్య కూడా వరసలో పెట్టండి, మర్చిపోకండి. స్కోరులోకి రానివాళ్ళు చాలామంది అక్కడే దొరుకుతారు.